గాలి రాని కారులో పసుపు బస్సు

కారు వీధి మలుపు తిరగ్గానే చెల్లెలు ఫ్యాను మీట తిప్పింది. ముందు గర్రుమంది. తర్వాత కడుపునొప్పి వచ్చినట్టు 'మ్మ్' అని మూలిగింది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఏమైందే?" అంది వెనక సీట్లోంచి అక్క.

"ఏం కాలేదు. కాసేపట్లో వస్తుందిలే."

"ఏం రావాలి?"

"గాలి."

అక్క గుండెల్లో రాయి పడింది. ఆమె పక్కన, మడిచేసిన సగం సీటు మీద, చెక్కపలక పైన ఒక బస్సుంది. రెండు మూరల పొడవున కేకుతో చేసిన బస్సు. పసుపు రంగు క్రీము ఒళ్లు, చాక్లెట్ చక్రాలు, పంచదార పాకంతో పోసిన కిటికీ అద్దాలు. ముందు కిటికీలో బొటనవేలంత డ్రైవరు కూడా ఉన్నాడు, టోపీతో, మీసాలతో. ఆ మీసాలు దిద్దడానికే అక్క ఒక పూటంతా ఊపిరి బిగబట్టింది. ఇంట్లో కేకులు చేసి అమ్మడం ఆమె పని. ఎన్నో చేసింది గానీ, అమ్మడానికి కాకుండా ప్రాణం పెట్టి చేసింది మాత్రం ఇదే.

బస్సు ఎవరిదంటే, బస్సు బాబాయ్‌ది. ఆయన బడి బస్సు నడిపేవాడు. ఒక తరం పిల్లల్ని బడికి చేర్చి, వాళ్లు పెద్దవాళ్లై కన్న పిల్లల్ని కూడా చేర్చడం మొదలుపెట్టాక, నిన్నటితో ఉద్యోగం ముగిసింది. ఆయన బస్సెక్కినవాళ్లంతా కూడబలుక్కుని బడి పక్కనున్న హాల్లో ఈ సాయంత్రం ఆయనకో వేడుక పెట్టుకున్నారు. ఆయనకు మాత్రం చెప్పలేదు. ఆయన ఇంట్లో భార్య ఒక్కతికే తెలుసు. బంధువులింట్లో భోజనముందని చెప్పి ఆయన్ని తీసుకురావడం ఆమె వంతు. ఆవిణ్ని అందరూ పిన్ని అంటారు.

కేకు అక్క వంతు. కారు చెల్లెలి వంతు. చెల్లెలికి ఒక బ్యూటీ పార్లరుంది. కారు ఆమె పార్లరంత పాతది, దాని హారను మాత్రం ఆమె నోరంత పెద్దది కాదు. పార్లరు ముందు రోడ్డు తవ్వుతున్నారని కొన్ని వారాలుగా ఆ కారును అక్క వాళ్ల వంటగది గోడ పక్కనే పెట్టి ఉంచారు. మళ్లీ ఇవాళే బయటికి తీశారు.

"కిటికీలు దించనా?" అంది చెల్లెలు.

"దించావంటే చంపుతాను. ఎండ, దుమ్ము, వడగాలి! క్రీము మీద పడితే ఇంకేమైనా ఉందా?"

"దించకపోతే మనమే పోయేట్టున్నాం."

"మనం పోయినా పరవాలేదు."

ఇంకాస్త దూరం పోయేసరికి బస్సు ముందు బంపరు కిందికి జారడం మొదలుపెట్టింది. ముందు నవ్వినట్టుంది, తర్వాత ఏడ్చినట్టుంది. అక్క కెవ్వున కేక వేసింది. చెల్లెలు చటుక్కున కారును రోడ్డు పక్కకు తిప్పి, మూసి ఉన్న ఒక ఫర్నిచర్ దుకాణం రేకుల నీడలో ఆపింది.

"ఇంకో కారు పిలుద్దామా?" అంది.

"పిలిచి? దీన్ని ఎత్తి ఇంకో కారులోకి మార్చాలంటే చేతుల్లోనే రెండు ముక్కలవుతుంది. ఏదో ఒకటి చెయ్యవే తల్లీ!"

అక్క కేకు పెట్టె మూత తీసుకుని విసరడం మొదలుపెట్టింది. రాజుగారికి వింజామర వీచినట్టు అటూ ఇటూ వీస్తోంది. చెల్లెలు చీర కొంగు నడుముకు దోపి, ముందు సీట్లో మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క గాలి జాలీ దగ్గరా అరచెయ్యి పెట్టి చూసింది. ముఖానికి తగిలే జాలీలు, కాళ్ల దగ్గరివి, ముందు అద్దం కిందవి. ఎక్కడా చీమ ఊపిరంత గాలి కూడా లేదు.

"అక్కా, గాలి దారి తప్పిందనుకో, ముఖానికి రాకపోతే కాళ్లకైనా రావాలి కదా. ఎక్కడా లేదు. పైగా మీట ఎటు తిప్పినా చప్పుడే లేదు. అంటే ఫ్యానే తిరగట్లేదు."

"అయితే తిప్పు."

"దేంతో తిప్పను, నీ గరిటెతోనా?"

సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక స్కూటరు వచ్చి కారు పక్కన ఆగింది.

"ఏమ్మా, బండి ఆగిపోయిందా?"

ఆ గొంతు వినగానే అక్కచెల్లెళ్లిద్దరికీ నోట్లో పచ్చి వెలక్కాయ పడినట్టయింది. బస్సు బాబాయ్! ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, నున్నగా దువ్విన మీసం. వెనక సీటు మీద పిన్ని, కొత్త చీరలో. పిన్ని కారులో ఉన్నవాళ్లను చూసింది, వెనక సీటు చూసింది, కళ్లు ఇంతింత చేసుకుని తల అడ్డంగా ఊపింది. అక్క దుప్పటి లాగి బస్సు మీద కప్పేసింది. క్రీముకు తగలకుండా నాలుగు మూలలా పొడుగాటి గ్లాసులు బోర్లించి, వాటి మీద కప్పేట్టు ముందే ఏర్పాటు చేసుకుంది కాబట్టి బతికిపోయింది.

బాబాయ్ స్కూటరు దిగి, కిటికీలోంచి తొంగి చూసి, ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఓరి నీ! చివరి సీటు కదూ నువ్వు? వెనకున్నది కిటికీయేనా?"

ఆయనకు పిల్లల పేర్లు ఎప్పుడూ గుర్తుండేవి కావు. కూర్చున్న చోటు, ఎక్కిన చోటు, చేసిన అల్లరి, వీటితోనే పిలిచేవాడు. చెల్లెలు ఎప్పుడూ చివరి సీట్లో ఎగిరేది. అక్కకు బస్సు పడేది కాదు, కడుపులో తిప్పేది. అందుకని ముందు కిటికీ సీటు ఎవరు కూర్చున్నా లేపేసి ఆమెకిచ్చేవాడు.

"మేమే బాబాయ్," అంది చెల్లెలు. "ఏం లేదు, చిన్న ఇబ్బంది. మేం చూసుకుంటాం. మీరు వెళ్లండి, పని మీద వెళ్తున్నట్టున్నారు."

"పనేముంది? ఈవిడ చుట్టాలింట్లో భోజనమట. నాకు ఆ చుట్టాలెవరో కూడా తెలీదు. ఆలస్యమైతే ఇంకా సంతోషం." ఆయన అప్పుడే చొక్కా చేతులు మడుస్తున్నాడు. "చెప్పు, ఏమైంది?"

"ఏమండీ, ఆలస్యమవుతుంది," అంది పిన్ని.

"పిల్లల్ని నడిరోడ్డు మీద వదిలేసి పొమ్మంటావా? అంత ఆకలిగా ఉందా నీకు?"

పిన్ని ఏమంటుంది! తనూ స్కూటరు దిగింది.

"కిటికీ! దిగవేమ్మా? ఆ ఉక్కలో కూర్చుంటే నీకసలే పడదు."

"దానికి కాలు బెణికింది బాబాయ్," అంది చెల్లెలు.

"అవును, కాలు," అంది అక్క, ఏ కాలో తేల్చుకోలేక రెండూ పట్టుకుని.

"అయ్యో! ఆ పక్కనేంటి, దుప్పటి కింద?"

"టీవీ," అంది అక్క.

"బట్టలు," అంది చెల్లెలు. రెండు మాటలూ ఒకేసారి పడ్డాయి.

బాబాయ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"టీవీని బట్టల్లో చుట్టాం," అంది చెల్లెలు. "పగలకుండా."

పిన్ని దుకాణం గోడ వైపు తిరిగి దగ్గడం మొదలుపెట్టింది. భుజాలు మాత్రం దగ్గుతున్నట్టు లేవు.

"ఏదో వెనిలా వాసన వస్తోందే?"

"నా షాంపూ బాబాయ్. పార్లరు కదా."

బాబాయ్ సరేనన్నాడు. ఆయన మనసప్పటికే డ్యాష్‌బోర్డు మీదికి పోయింది. చెల్లెలు తాను చూసినదంతా చెప్పింది. ఎక్కడా గాలి లేదు, చప్పుడు లేదు, మొదట గర్రుమని మూలిగి ఆగిపోయింది.

"ఫ్యూజే," అన్నాడాయన. "కళ్లు మూసుకుని చెప్తాను, ఫ్యూజే."

స్టీరింగు కింద ఒక చిన్న మూత తీశాడు. లోపల రంగురంగుల ఫ్యూజులు వరసగా, బడి ప్రార్థనలో పిల్లలు నిలబడ్డట్టున్నాయి. ఆయన లావుపాటి వేళ్లకు అందడం లేదు. చెల్లెలు తన పార్లరు సంచీ తెరిచి, కనుబొమ్మలు తీసే చిమటా అందించింది. ఆయన దాంతో ఫ్యూజును పట్టి లాగి, వెలుగులో పెట్టి చూశాడు. మధ్యలో ఉండాల్సిన సన్నని తీగె తెగి, నల్లగా మాడిపోయి ఉంది.

"చెప్పలా?" అన్నాడు. ఆ ముఖంలో వెలుగు చూడాలి, పందెం గెలిచిన కుర్రాడిలా ఉన్నాడు. "సిగరెట్టు లైటరుది ఇదే రంగు. రంగు ఒకటైతే సత్తువ ఒకటే. వేరే రంగుది పెడితే వైర్లు కాలిపోతాయి, గుర్తుపెట్టుకో. దాన్ని తీసి దీని చోట పెడతాను. ఇప్పుడు చూడు తమాషా."

పెట్టాడు. తాళం తిప్పాడు. మీట తిప్పాడు.

'మ్మ్...'

చెల్లెలు గభాల్న చెయ్యి చాచి మీట ఆపేసింది.

"ఎందుకాపావు?"

"ఇంకొక్క క్షణం ఉంటే ఈ ఫ్యూజు కూడా పోయేది బాబాయ్. ఈ మూలుగు నాకు తెలుసు. నా దగ్గర జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్లు లేవూ? వాటి ఫ్యానుకు వెంట్రుకలు చుట్టుకుంటే అచ్చం ఇలాగే మూలుగుతాయి. కరెంటు వస్తుంది, తిరగాలని చూస్తుంది, తిరగలేదు. కాసేపు అలాగే ఉంచామంటే పొగే. ఫ్యూజు ఊరికే పోలేదు, ఏదో అడ్డం పడితే పోయింది."

బాబాయ్ ఆమె వైపు చూసి, ఫ్యూజు పెట్టె వైపు చూసి, మళ్లీ ఆమె వైపు చూశాడు.

"చివరి సీట్లో కూర్చుని ఎగరడం తప్ప నీకేమీ రాదనుకున్నానే!" అన్నాడు పొంగిపోతూ. "అయితే విప్పుదామా?"

"విప్పుదాం. ఇది కూడా డ్రయ్యరే, కాస్త ఒళ్లు చేసిందంతే."

"ఇక్కడ ఉక్కగా ఉందే," అంది వెనక నుంచి అక్క, పళ్లు బిగించి. ఉక్క ఎవరికో చెల్లెలికి తెలుసు.

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చి, "పాపం, దానికి నేను విసురుతాను," అంటూ వెనక తలుపు కొంచెం తెరిచి లోపలికి దూరింది. తలుపు మూసుకోగానే దుప్పటి ఎత్తి చూసి, రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. "ఎంత బావుందే!" అంది గుసగుసగా. "మీసాలు అచ్చు ఆయనవే!" ఇద్దరూ కలిసి దుప్పటి అంచు కాస్త ఎత్తి, దాని కిందికి చెరొక అట్టతో విసరసాగారు.

ముందు సీటు ఎదురుగా ఉన్న సామాన్ల అర ఖాళీ చేస్తే అందులోంచి దువ్వెనలు, రబ్బరు బ్యాండ్లు, ఒంటి చెవిపోగు, ఎప్పటివో చాక్లెట్లు వచ్చాయి. అరను రెండు పక్కలా నొక్కి లాగితే మొత్తం ఊడి చేతికొచ్చింది. దాని వెనక, కాళ్లు పెట్టుకునే చోటికి పైన, గుండ్రని నల్లటి డబ్బా కనిపించింది. అదే ఫ్యాను ఉండే చోటు. కింద మూడు మరలు, పక్కన ఒక వైరు.

"ముందు వైరు పీకు," అన్నాడు బాబాయ్. "ఏ పనికైనా ముందు కరెంటు తియ్యాలి."

జుట్టు కత్తిరించే మిషను విప్పడానికి చెల్లెలి దగ్గర చిన్న స్క్రూడ్రైవరుంది. బాబాయ్ ఇస్త్రీ చొక్కా సంగతి మరిచిపోయి, కారు నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు రోడ్డు మీదికి చాపి పని మొదలుపెట్టాడు. చెల్లెలు ఫోను లైటు వేసి పట్టుకుంది. ఒక మర ఊడింది, రెండోది ఊడింది. మూడోది మొరాయించింది. దాన్ని బుజ్జగిస్తూ, బెదిరిస్తూ, దాని వంశాన్నంతా తలుచుకుంటూ తిప్పాడు. చివరికి అదీ లొంగింది. డబ్బా ఆయన చేతుల్లోకి దిగింది.

ఫ్యాను చక్రం పంజరంలా ఉంది, చుట్టూ సన్నని రెక్కలు. రెక్కల మధ్య ఒక్క సందు కూడా లేదు. లోపలంతా కుక్కి కుక్కి, పరుపులా మెత్తగా ఏదో ఉంది. చెల్లెలు చిమటాతో లాగింది. గులాబి రంగు కాగితం ముక్కలు వచ్చాయి. లాగింది. దూది వచ్చింది. మళ్లీ గులాబి కాగితం, మళ్లీ దూది.

"ఇవి చిన్న కేకులు పోసే కాగితం గిన్నెలు కదూ?" అంది పిన్ని, ముందు సీటు మీంచి తొంగి చూస్తూ.

"అవును, ఇదిగో ఈ మహాతల్లివే!" అంది చెల్లెలు. "కారులో కూర్చుని రుచి చూడ్డం, కాగితాలు అక్కడే పడెయ్యడం!"

"మరి ఆ దూది ఎవరిదే? నీ పార్లరుది కాదూ?" అంది అక్క. "నీ దూదితో పరుపేసుకుంది."

"నీ కేకు పొడి తిని బలిసింది."

"ఎవరు?" అన్నాడు బాబాయ్ కింద నుంచి. "ఎవరు బలిసింది?"

జవాబు దానంతటదే వచ్చింది. గూడులోంచి ఒక బూడిద రంగు మూతి బయటికొచ్చి, మీసాలు ఆడించి, ఈ గలాటా ఏమిటన్నట్టు చూసింది. బాబాయ్ కళ్లలోకి కళ్లు పెట్టింది. తర్వాత ఆయన ఛాతీ మీదికి దూకింది.

ఎన్నో వానల్లో, వరదల్లో, బ్రేకులు పట్టని దిగుడు దారుల్లో ఒక్కసారి కూడా కంగారుపడని బస్సు బాబాయ్ ఆ రోజు వేసిన కేక దుకాణం రేకుల్లో ప్రతిధ్వనించింది. ఎలుక ఆయన పొట్ట మీదుగా రోడ్డు మీదికి పోదామనుకుని, ఆ కేకకు బెదిరి, దారి మార్చి వెనక సీటు కిందికి ఉరికింది. అంతే! అక్క ఒక్క ఉదుటున తలుపు తీసుకుని బయటికి దూకి, అక్కడున్న మెట్టెక్కి, మెట్టు మీంచి దుకాణం అరుగెక్కి నిలబడింది. ఆమె వెనకే పిన్ని. ఎలుక కూడా అదే తలుపులోంచి దిగి, వీళ్లెవరూ తనకు సరిపడరన్నట్టు గోడ వారగా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

"కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే," అన్నాడు బాబాయ్, లేచి కూర్చుని ఆయాసపడుతూ. తర్వాత అరుగు వైపు చూశాడు. "కిటికీ! నీ కాలు?"

అక్క తన కాళ్ల వైపు చూసుకుంది. "తగ్గినట్టుంది బాబాయ్."

చెల్లెలు ఇంక ఆపుకోలేకపోయింది. పకపకా నవ్వింది. పిన్ని నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో సగమే తెలిసినా బాబాయ్ కూడా నవ్వాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా. అరుగు మీద అక్క నవ్వుతూ కూలబడింది. రోడ్డు మీద పోయే ఒకతను సైకిలు నెమ్మది చేసి, వీళ్లను చూసి, తనకేం అర్థం కాకపోయినా నవ్వుతూ వెళ్లిపోయాడు.

తర్వాత పని చకచకా నడిచింది. మిగిలిన గూడంతా పీకేసి, జుట్టుకు రంగు వేసే కుంచెతో చెల్లెలు ఒక్కొక్క రెక్కా దులిపింది. తడిగుడ్డతో తుడిచింది. వేలితో మీటితే చక్రం గిర్రున తిరిగి, చాలాసేపటికి గానీ ఆగలేదు. "ప్రాణం ఉంది," అంది. గాలి వడకట్టే అట్ట కూడా బాబాయ్ బయటికి లాగాడు. దాన్ని అరుగుకేసి కొడితే దుమ్ము లేచి, పిన్ని కొత్త చీర పాత చీరైపోయింది. డబ్బా పైకెత్తి, మరలు బిగించి, వైరు తగిలించి, అరను దాని చోట్లోకి తోశారు.

"తొందరపడకు," అన్నాడు బాబాయ్, మీట మీద చెయ్యి వేసిన చెల్లెలితో. "ముందు గాలిని అద్దం వైపుకు పెట్టు. లోపల మిగిలిన చెత్తేదన్నా ఉంటే అద్దానికి కొట్టుకుంటుంది, ముఖాన పడదు."

"దుప్పటి గట్టిగా కప్పుతానుండు," అంటూ అక్క వచ్చి చుట్టూ అంచులు దోపి, మళ్లీ బయట నిలబడింది. తలుపులన్నీ తెరిచి పెట్టారు.

చెల్లెలు మీట తిప్పింది.

హోరుమంది! కారంతా ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలినట్టయింది. ముందు అద్దం మీద గులాబి పేలికలు నాలుగు, దూది పింజ ఒకటి ఎగిరి పడ్డాయి. చెల్లెలు వాటిని గుడ్డతో తుడిచేసింది. కాసేపటికి వట్టి గాలే మిగిలింది. అరుగు మీద అక్కా పిన్నీ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని గంతులు వేశారు.

"ఇప్పుడు ముఖానికి పెట్టు, చల్లదనం కూడా వెయ్యి," అన్నాడు బాబాయ్, ముందు సీట్లో కూర్చుంటూ. పెట్టింది. నాలుగు జాలీల్లోంచీ గాలి ఒక్కసారిగా దూసుకొచ్చింది. కాసేపటికే చల్లబడింది. ఆయన కళ్లు మూసుకుని, మెడ అటూ ఇటూ తిప్పి, "ఆహా" అన్నాడు. ఆ గాలి వెనక్కి కూడా చేరుతోందో లేదో చూద్దామని తల వెనక్కి తిప్పాడు.

చేరింది. దుప్పటి మూల ఒకటి గాలికి ఊడి, గుప్పున లేచి, వెనక్కి పడింది.

చెల్లెలు అద్దంలో చూసింది. పసుపు బస్సు సగం బయటపడి ఉంది. ముందు పలక మీద ఆయన నడిపిన బస్సు నంబరుంది. కిటికీల్లో చిన్న చిన్న తలలున్నాయి. స్టీరింగు దగ్గర టోపీ పెట్టుకుని, మీసాలు తిప్పుకుని, బొటనవేలంత బాబాయ్ కూర్చుని ఉన్నాడు. పెద్ద బాబాయ్ చిన్న బాబాయ్ వంక చూస్తున్నాడు.

తర్వాత చెయ్యి చాపి, దుప్పటి మూలను మెల్లగా పట్టుకుని, నిద్రపోయే పిల్లకు కప్పినట్టు యథాప్రకారం కప్పేశాడు.

"మంచి టీవీ," అన్నాడు.

చెల్లెలు చటుక్కున ఆయన వైపు తిరిగింది.

"నేనేమీ చూడలేదు," అన్నాడాయన గొంతు తగ్గించి. "మీ అక్కకు చెప్పకు, ఏడుస్తుంది. మీ పిన్నికి అసలే చెప్పకు. రెండు వారాల నుంచి ఈ రహస్యం మోయలేక నిద్రలో కూడా అటూ ఇటూ దొర్లుతోంది. ఏమిటా అనుకున్నాను."

ఆయన దిగి, చొక్కా దులుపుకుని, గట్టిగా అన్నాడు: "సరే మరి, మీరు ముందు పోండి. మేం ఎక్కడన్నా ఆగి టీ తాగి, నెమ్మదిగా పోతాం."

"టీ ఏమిటండీ ఇప్పుడు?" అంది పిన్ని.

"తాగాలనిపించింది. ఎలుకను చూసి గుండె దడగా ఉంది."

కారు కదిలింది. అక్క దుప్పటి తీసి బంపరు చూసుకుంది. చల్లగాలికి జారడం ఆగిపోయింది. "హాల్లో ఒక్కసారి గరిటెతో నిమిరానంటే కొత్తదైపోతుంది," అంది. తర్వాత ముందుకు వంగి, "ఆయనకేం అనుమానం రాలేదు కదా?" అని అడిగింది.

"అస్సలు రాలేదు," అంది చెల్లెలు, రోడ్డు వైపే చూస్తూ. "టీవీ అన్నావు చూడు, అక్కడే నమ్మేశాడు."

"నాకు అప్పటికప్పుడు తట్టింది," అంది అక్క గర్వంగా. చల్లగాలి చెంపలకు తగులుతుంటే పాట అందుకుంది. చెల్లెలు కూడా కలిపింది. ఇద్దరికీ శ్రుతి కుదరదు. హాలు దాకా పాడుతూనే ఉన్నారు.

హాల్లో అప్పటికే అందరూ చేరారు. కుర్చీల పని చూస్తున్నవాళ్లు తామేం చేస్తున్నారో చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. తలుపు తీసి చూసి అక్కచెల్లెళ్లే నిలబడిపోయారు. కుర్చీలను జంటలు జంటలుగా, మధ్యలో నడిచే దారి వదిలి, బస్సులో సీట్లు వేసినట్టు వేశారు. ముందర ఒక్కటే కుర్చీ, డ్రైవరు సీటులా అటు తిరిగి ఉంది. ఎవరి పాత సీట్లలో వాళ్లు కూర్చున్నారు. జుట్టు నెరిసినవాళ్లు, పొట్టలొచ్చినవాళ్లు, ఒళ్లో పిల్లల్ని పెట్టుకున్నవాళ్లు. ముందు కిటికీ సీటు ఖాళీగా ఉంది. వెనక చివరి సీటు ఖాళీగా ఉంది. కేకును బల్ల మీద పెట్టి, బంపరు సరిచేసి, ఇద్దరూ వెళ్లి కూర్చున్నారు.

బయట స్కూటరు ఆగింది. తలుపు తెరుచుకుంది.

చెల్లెలు చూస్తూనే ఉంది. బాబాయ్ తయారై వచ్చాడు. ఒక చెయ్యి గుండె మీద వేసుకుని, నోరు పెద్దగా తెరిచి, "అరెరె! ఏమిటిది! ఏమిటిది!" అన్నాడు. దారి పొడుగునా సాధన చేసుకున్నాడని ఆమెకు తెలిసిపోయింది. నాటకాలాడితే మొదటి రోజే ఇంటికి పంపేసే నటన అది. అలా అంటూనే ఆయన కళ్లు కుర్చీల మీద పడ్డాయి. వరసలు చూశాడు. మధ్య దారి చూశాడు. ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చున్నారో చూశాడు. తెరిచిన నోరు మూతపడింది. గుండె మీద చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆయన ఆ మధ్య దారిలో ముందుకు నడిచాడు, అలవాటు ప్రకారం వెళ్లి ముందు కుర్చీలో కూర్చున్నాడు, అందరికీ వీపు పెట్టి. భుజాలు కదులుతున్నాయి. అప్పుడు పిన్ని వెళ్లి, "ఇటు తిరగండి, బండి ఆగే ఉంది," అంది.

కుర్చీతో సహా ఇటు తిరిగాడు. ముఖం తడిసిపోయింది. ఒక్కొక్కరినే చూస్తూ పిలవడం మొదలుపెట్టాడు. "పిండిమర! నీళ్ల ట్యాంకు! రోజూ ఆలస్యం! చెప్పులు మరిచిపోయేవాడు! ఓరి, కోతీ, నీకు బట్టతలేమిట్రా!" పిలిచిన ప్రతివాళ్లూ లేచి నిలబడి చెయ్యెత్తారు. హాలంతా నవ్వులతో ఊగిపోయింది.

కేకు కొయ్యడానికి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఎవరూ తోసుకోకూడదు. పాత బస్సు దారిలో స్టాపులు ఎలా వచ్చేవో అలాగే పిలుస్తాడు. పిలిచినవాళ్లు వచ్చి, ముక్క తీసుకుని, దిగిపోవాలి. అక్కది మొదటి స్టాపు. ఆమెకు డ్రైవరు వెనకున్న కిటికీ ముక్క కోసి ఇచ్చి, "నీ అంత పనిమంతురాలు ఉన్నంతకాలం నాకు చావు లేదే కిటికీ," అన్నాడు. ఆమె నిలబడి ఏడ్చింది, నవ్వుతూనే. ఒక్కొక్క స్టాపే వస్తోంది, బస్సు తరిగిపోతోంది. చెల్లెలిదీ అక్క స్టాపే అయినా చివరి సీటు చివర్లోనే దిగాలన్నాడు, ఆమె దగ్గరికొచ్చేసరికి వెనక చక్రమే మిగిలింది. చెల్లెలు దాన్ని చేత్తోనే తీసుకుని, అక్కడికక్కడే కొరికింది.

పలక మీద చివరికి డ్రైవరు కూర్చున్న ముక్క ఒక్కటే ఉంది. బాబాయ్ దాన్ని పళ్లెంలో పెట్టుకున్నాడు.

"ఏమండీ," అంది పక్కన నిలబడ్డ పిన్ని, "అందర్నీ దింపేశారు. మరి నేనెక్కడ దిగాలి?"

"నువ్వు దిగడం లేదు," అన్నాడాయన, ఒక కుర్చీ లాగి తన పక్కన వేసి. "కూర్చో."

పిన్ని కూర్చుంది. చెంచా తీసుకుని, ముందుగా మీసాలున్న వైపే తినేసింది.